పాలరాతి బల్ల చుట్టును

పరుల ఇంట, అందునను వెల యిచ్చి, భుజించుట తెలుగువారు చిరకాలము ఇష్టపడి చేసిన పని కాదు. గత్యంతరము లేక చేసిన పని. వండినవారెవరో, వడ్డించువారెవరో, పంక్తిలో సరసను కూర్చున్నవారెవరో ఎరుగనిదే విస్తరి ముందు కూర్చుండరాదని కట్టుబాటు చేసికొన్న సమాజమునకు ఊరు దాటిన ప్రతి ప్రయాణమును అన్నము గూర్చిన చింతతోనే ఆరంభమయ్యెడిది. ఆ చింత తీర్చుటకు దాతలు కట్టించిన సత్రములుండెను. ఇంటినుండి మూటగట్టి తెచ్చుకొన్న సద్ది యుండెను. ఈ రెండును అందని చోట పూటకూళ్ల ఇల్లుండెను. ధర్మశాస్త్రములు అన్నవిక్రయమును గర్హించినను, పట్టణములు పెరిగినకొలది ఆ విక్రయము లేనిదే జరుగుబాటు లేకపోయెను. నేడు హైదరాబాదు నగరమున ఒకే వీథిలో ఇరానీ చాయ్, ఉడిపి దోసె, అరబ్బుల మండీ, చీనావారి నూడుల్సు, గుంటూరి గోంగూర ప్రక్కప్రక్కనే దొరకుచుండగా మనకది వింతగా తోచదు. ఇన్ని రుచులు ఒక్కచోటికెట్లు చేరెనను ప్రశ్న మంచిదే. అంతకంటె పెద్ద ప్రశ్న, ఎవరి సరసను ఎవరు కూర్చుండి తినవచ్చునన్నది. ఈ రెండవ ప్రశ్నకు ఆ నగరము తరతరములుగా, నెమ్మదిగా, ఎవరును ఉపన్యసింపకయే చెప్పుకొన్న సమాధానమును దాని భోజనశాలల చరిత్రలో చదువుకొనవచ్చునని నా నమ్మకము.

తెలుగు గడ్డపై వెలకు అన్నము దొరకిన చోటును గూర్చి మనకు లభించిన చిత్రములలో మిక్కిలి సొగసైనది క్రీడాభిరామమున కలదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఆ వీథినాటకములో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు కాకతీయుల ఓరుగల్లు వీథులు తిరుగుచు, లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ల ఇంటిని గూర్చి చెప్పుకొందురు. ఒక్క రూక యిచ్చినచో అచ్చట సువాసనగల సన్నన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు విధముల నంజుళ్లు, గడ్డపెరుగు పెట్టుదురట. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను కూర్చునపుడు రాజుల శాసనములకంటె ఇట్టి కావ్యములనే ఎక్కువగా ఎందుకు నమ్ముకొనిరో ఈ ఒక్క పద్యము చూచినవారికి బోధపడును. కాని ఆ ఇంటి యజమాని పేరే మరియొక సంగతిని కూడ చెప్పుచున్నది: వండువాడు బ్రాహ్మణుడైనచో తినువారెల్లరు నిశ్చింతగా తినవచ్చును. శుచిరుచులతో పాటు కులము కూడ ఆ రూకలోనే చేరియున్నది.

నాలుగైదు శతాబ్దములు గడచినను ఈ స్థితి పెద్దగా మారినట్లు కనబడదు. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, సుప్రీముకోర్టులో ఉద్యోగము చేసిన సంపన్నులై యుండియు, వంటవారితో, పరివారముతో, డేరాలతో కదలవలసి వచ్చెను. ఆయన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి వచ్చు వివరము, అచ్చట నీళ్లున్నవా, అంగళ్లున్నవా, సామగ్రి దొరకునా యనునది. వండిన అన్నము కొనుక్కొను మాట అట్టివారికి తలపున కూడ రానిది. ఇక 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో పూటకూళ్లమ్మ మనకు ప్రత్యక్షమగుచున్నది. గిరీశము ఆమె ఇంట తిని, ఆమె డబ్బు తిని, ఆమెను వంచించిన కథ అందరెరిగినదే. నవ్వుచు చదివి వదలివేయు పాత్ర కాదది. ఆస్తిహక్కు లేని, పునర్వివాహము లేని ఆ కాలపు వితంతువునకు చేతిలో మిగిలిన ఏకైక మూలధనము వంట. నాడు పట్టణములలో చదువులకును, కచేరీ పనులకును వచ్చిన ఒంటరి పురుషుల కడుపు నింపినవారిలో ఇట్టి స్త్రీలెందరో కలరు. లోకము వారి అన్నము తినినది. వారి పేర మాత్రము చాడీలు మిగిల్చినది. మన భోజనశాలల చరిత్రకు ఆరంభమున వారికొక నమస్కారము చెల్లవలసియున్నది.

హైదరాబాదు కథ వేరు. 1591లో చార్మినారును కేంద్రముగా చేసికొని వెలసిన ఈ నగరము పుట్టుకనుండియు పరదేశీయులకు చోటిచ్చినది. దాని నిర్మాణమును తీర్చినవాడని ప్రసిద్ధుడైన మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాను దేశస్థుడు. ఈ కథలో పిమ్మట వచ్చు ఇరానీ హోటళ్లవారికి ఆయన మూడువందల యేండ్ల ముందరి పెద్దయని చెప్పవచ్చును. అసఫ్‌జాహీల కాలమున అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు, ఉత్తరదేశపు కాయస్థులు, ఖత్రీలు సైన్యములలోను, దివాణపు కొలువులలోను చేరిరి. భార్యాబిడ్డలను దూరదేశమున విడిచి వచ్చిన సైనికునకు పొయ్యి లేదు. పొయ్యి లేనివానికి బజారే వంటయిల్లు. రాత్రియంతయు సన్నని సెగపై ఉడికి తెల్లవారుజామునకు సిద్ధమగు నహారీ, పాయా, దానిలో ముంచుకొని తినుటకు తందూరులో కాలిన నాన్, ఇవన్నియు అట్టివారిని ఆశ్రయించి పెరిగిన వంటకములే. పురానీ హవేలీ చెంత మున్షీ నాన్ దుకాణము 1851లో నెలకొన్నదని ప్రతీతి. నాలుగు కోణముల ఆ రొట్టె తరతరములుగా అచ్చట కాలినది.

ఈ సైనికులలో హద్రమౌతు ప్రాంతపు అరబ్బులు బార్కస్ అను పేటలో స్థిరపడిరి. గోధుమలను మాంసముతో ఉడికించి మెదిపిన హరీసు వారి వంటకము. అది నగరములోనికి వచ్చి, ఇచ్చటి మసాలాలను, నేతిని, వేయించిన ఉల్లిని, పుదీనాను చేర్చుకొని హలీముగా మారినది. రంజాను మాసమున మధ్యాహ్నవేళ ఏ భట్టీ దగ్గర నిలిచినను ఆ శ్రమ కనబడును. ఇటుకతోను మట్టితోను కట్టిన పొయ్యిలో గొంతువరకు దిగవేసిన పెద్ద దేగు, క్రింద కట్టెల మంట, దేగునకు ఇరువైపుల నిలిచి బారెడు కొయ్య ఘోట్నీలతో లయ తప్పక దంచుచుండు ఇద్దరు ముగ్గురు మనుష్యులు; గోధుమ ఏదో మాంసమేదో చెప్పలేనంతగా కలసి తీగసాగువరకు ఆ దంపు ఆగదు. తెల్లవారక ముందు రాజిన పొయ్యి సాయంకాలపు ఉపవాసవిరమణ వేళకు గాని చల్లారదు. 1950వ దశకమునుండి హోటళ్లలో అమ్ముడుపోవుచున్న ఈ వంటకము 2010లో భౌగోళిక గుర్తింపును పొందినది. సైనికుని ఆకలి తీర్చిన గంజివంటి పదార్థము ఒక నగరమునకు గుర్తుగా నిలుచుట చిన్న విషయము కాదు.

ఐనను ఇవన్నియు నిలువబడి తినునవి, లేదా కొని ఇంటికి తీసికొనిపోవునవి. అపరిచితులు ఒక కప్పు క్రింద, ఒక బల్ల చుట్టును, తీరికగా కూర్చుండు ఆచారము ఇంకను రాలేదు. దానికి నగరమే మారవలసి యుండెను. 1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. ఆ ఘోరవిపత్తు పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు సందులను తొలగించి, వెడల్పైన వీథులను, పత్తర్‌గట్టీ వంటి రాతి అంగళ్ల వరుసలను నిర్మించెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి, 1935లో మొజంజాహీ మార్కెట్టు వచ్చెను. చదువుకొనువాడు, రోగికి తోడు వచ్చినవాడు, కచేరీకి తిరుగువాడు, సరకు తెచ్చినవాడు, వీరందరు పగలంతయు నగరమున గడపి కూర్చుండుటకు చోటు లేక తిరుగువారు. విద్యార్థులకు వసతి గృహములు వెలసినమాట నిజమే. 1918లో రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు వేలమందిని విద్యావంతులను చేసినది. కాని ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క వసతిగృహము ఏర్పడిన కాలమది. పల్లెలోని పంక్తి పట్టణమునకును వెంట వచ్చెను.

ఇట్టి సమయమున ఇరానీలు వచ్చిరి. వారి రాకకు మూలము పారసీక దేశపు కష్టములలో కలదు. 1870 ప్రాంతపు మహాక్షామము యజ్ద్, కిర్మాన్ మండలములను పీల్చివేసినది. జొరాస్త్ర మతస్థులపై జిజియా పన్ను 1882 వరకు కొనసాగినది; బొంబాయి పారసీలు పంపిన మానెక్‌జీ లింజీ హతారియా దశాబ్దములు పాటుపడి దానిని రద్దు చేయించెను. కడుపు చేతపట్టుకొని బలూచిస్థాన్ ఎడారిమీదుగాను, సముద్రమార్గమునను బొంబాయి చేరిన ఆ బీదవారు మొదట ధనికులైన పారసీల ఇండ్ల కొలువున కుదిరిరి. పిమ్మట తేనీరు కాచి అమ్మజొచ్చిరి. వీథుల కూడలిలోని మూల దుకాణములు అచ్చిరావని హిందూ వర్తకులు వదలివేయగా ఇరానీలు వానినే చౌకగా బాడుగకు తీసికొనిరని బొంబాయిలో చెప్పుకొందురు. కారణమేదైనను, రెండు వీథులకు తెరచియుండి గాలి వెలుతురు ధారాళముగా వచ్చు ఆ మూల కొట్టే వారి హోటలునకు గుర్తయ్యెను. 1904 నాటి కయానీ, 1923 నాటి బ్రిటానియా అట్లు వెలసినవే.

హైదరాబాదునకు వచ్చిన ఇరానీలలో యజ్ద్ ప్రాంతపు షియా ముస్లిములే అధికులు. బొంబాయి, పూనాల మీదుగా ఇచ్చటికి వచ్చినవారికి ఈ నగరము మరీ పరాయిదిగా తోచియుండదు. 1880వ దశకము వరకు పారసీకమే ఇచ్చటి రాజభాష. కుతుబ్‌షాహీల నాటి బాదుషాహీ ఆషూర్‌ఖానా మొదలుకొని మొహర్రము సంతాపమునకు నెలవులెన్నియో కలవు. ఒంటరిగా పెట్టుబడి పెట్టలేనివారు నలుగురైదుగురు కలసి హోటలు తెరచి, వంతులవారీగా గల్లాపై కూర్చుండెడివారు. 1935లో ఆబిడ్సులో వెలసిన గ్రాండు హోటలు ఈ పాతతరమున ముఖ్యమైనది. 1953లో సికింద్రాబాదున పారడైజు సినిమాహాలును ఆశ్రయించి చిన్న కేఫుగా మొదలైనది నేడు బిర్యానీకి దేశమంతట పేరుమోసినది. చార్మినారు చెంత, నాంపల్లిలో, సికింద్రాబాదు రైలుస్టేషనునకు ఎదుట, ఆసుపత్రుల వాకిళ్లలో, సినిమాహాళ్ల ప్రక్కన, మనుష్యులు వేచియుండు ప్రతి చోటను ఒక ఇరానీ హోటలు వెలసెను.

వారు పోసిన చాయ్‌ను గూర్చి ఒకమాట. ఇరానులో తేనీటిలో పాలు కలపరు. చక్కెర ముక్కను పంట నుంచుకొని పలుచని ఎర్ర తేనీటిని త్రాగుదురు. ఆ దేశమున తేయాకు తోటలే 1900 ప్రాంతమున, భారతదేశమునుండి కొనిపోయిన మొక్కలతో లాహీజానులో మొదలైనవి. కావున మనము ఇరానీ చాయ్ అని పిలుచుకొనునది ఇరానీయుల చేతిలో, దక్కను పాలతో, ఈ నేలమీదనే పుట్టిన పానీయము. దాని తయారు చూడదగినది. ఒక పాత్రలో నీరు, చాయ్‌పత్తీ వేసి, మూతచుట్టును గుడ్డ బిగించి, ఆవిరి పోకుండ సన్నని సెగపై గంటలకొలది మగ్గనిత్తురు. వేరొక పాత్రలో పాలు సగముదాక మరగి మీగడ కట్టి చిక్కబడుచుండును. పోయువాడు ముందుగా కప్పులో ముదురు డికాషను పోసి, దానిపై చిక్కని పాలు వదలును. రెండును కలసి ఇటుక రంగునకు తిరుగుటతో కప్పు సాసరుతో బల్లమీదికి వచ్చును. తొందరపడువాడు సాసరులోనికి ఒంపుకొని ఊదుకొనుచు త్రాగును. తొందరలేనివాడు ఉప్పు తీపి కలసిన ఉస్మానియా బిస్కట్టును దానిలో ముంచుకొనును. బేరరు అడుగకయే ఒక పళ్లెరము నిండ ఉల్లి కూరిన చోటీ సమోసాలు తెచ్చి పెట్టి పోవును. వచ్చునపుడు మిగిలినవి చూచి తినినవానికే లెక్క కట్టును. బయటికి పోవు గిరాకీ గల్లా దగ్గరకు చేరులోపల బేరరు తానున్న చోటినుండియే అతని బాకీని ఎలుగెత్తి చెప్పును. కాగితము లేదు, బిల్లు లేదు. నమ్మకముపై నడచిన లెక్క అది. డబ్బు తక్కువైన మిత్రులిద్దరు ఒక చాయ్‌ను వన్ బై టూ చెప్పినచో ముఖము చిట్లించుకొను ఆచారము కూడ లేదు.

ఈ బల్ల దగ్గర కొంత నిలువవలెను. పైన తెల్లని పాలరాయి పరచిన చిన్న బల్ల. చుట్టును వంపు తిరిగిన కొయ్య కుర్చీలు నాలుగు. మూడు కుర్చీలలో మనుష్యులుండి నాలుగవది ఖాళీగా నున్నచో, కొత్తగా వచ్చినవాడు దానిలో కూర్చుండును. అడుగవలసిన పని లేదు. ఆ కూర్చున్నవాడు రిక్షావాడో, గుమాస్తాయో, విద్యార్థియో, పహిల్వానో, కవియో, నమాజు ముగించి వచ్చినవాడో, గుడినుండి వచ్చినవాడో కావచ్చును. వాని కులమేదని ఎవడును అడుగలేదు. ఆ బల్లకు మైల లేదు. తడిగుడ్డతో ఒకసారి తుడిచినచో అది రాబోవువానికి సిద్ధము. ఒక ఉర్దూ దినపత్రిక నాలుగు పుటలుగా విడిపోయి నాలుగు బల్లలకు ప్రయాణము చేసెడిది. ఆబిడ్సులోని ఓరియంటు హోటలు మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకు, రాజకీయ కార్యకర్తలకు, విలేఖరులకు కూడలిగా పేరొందినది; అచ్చట కవిత్వమును, ఉద్యమములును, పుకార్లును ఒకే చాయ్‌పై నడచెను.

సహపంక్తి భోజనమును ఒక దీక్షగా చేపట్టిన సంస్కర్తలు మన దేశమున ఎందరో కలరు. ఈ నగరముననే భాగ్యరెడ్డివర్మ ఆదిహిందువుల ఆత్మగౌరవము కొరకు జీవితమంతయు ధారపోసెను. వారు సభలు చేసి, తీర్మానములు చేసి, నిందలు పడి, వెలివేతలకు ఓర్చి సాధింప పూనిన కార్యములో ఒక అంశమును, ఏ తీర్మానమును లేకుండగనే, లాభము కొరకు తేనీరమ్ముకొనిన ఒక పరదేశి తన కొట్టులో దినదినము జరిపించెను. అతనికి మన కులముల పేర్లు తెలియకపోవుటయు, తెలిసినను పట్టింపులేకపోవుటయు మనకు మహోపకారమైనది. సంస్కర్తల త్యాగమును తగ్గించుటకీ మాట అనుట లేదు; వారు దున్నిన నేలమీదనే ఈ అలవాటు వ్రేళ్లూనినది. కాని చరిత్ర వ్రాయువారు సభలను మాత్రమే లెక్కించి, హోటళ్లను విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఆచారపరులైన హిందువులు మాత్రము చాలకాలము ఆ గుమ్మము తొక్కలేదు. వారికొరకు దక్షిణమునుండి వేరొక సంప్రదాయము వచ్చెను. ఉడిపి శ్రీకృష్ణుని ఆలయమునందును అష్టమఠములందును నైవేద్యములు వండి, యాత్రికులకు వడ్డించి ఆరితేరిన శివళ్లి బ్రాహ్మణులు, దక్షిణ కన్నడ మండలమున బ్రదుకు గడువక, ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో మద్రాసు, బొంబాయి నగరములకు వలస వచ్చిరి. వంటశాలలో చిన్నపనులతో జీవితము మొదలుపెట్టిన కె. కృష్ణారావుగారు 1938లో మద్రాసున ఉడ్లాండ్సును స్థాపించి ఆ వృత్తికి గొప్ప గౌరవము తెచ్చిరి. హైదరాబాదున ఆబిడ్సులోని తాజ్‌మహల్ హోటలు 1948లో వెలసినది. ఇడ్డెన, దోసె, వడ, సాంబారు, కాఫీ: అదివరకు తెలుగు ఇండ్లలోనే వండుకొనుచుండిన ఫలహారములలో కొన్నియు, కన్నడ తమిళ దేశములనుండి వచ్చినవి కొన్నియు చేరి, దక్షిణాదికంతటికిని ఒకటే ఉదయపు ఫలహారము ఏర్పడుటకు ఈ ఉడిపి వారే కారకులు.

ఈ హోటళ్లలో కులము వెంటనే తొలగిపోలేదు. దక్షిణమున అనేక చోట్ల బ్రాహ్మణ కాఫీ హోటలు అను పలకలు వ్రేలాడెను; బ్రాహ్మణులకు తెరచాటున వేరు పంక్తి, తక్కినవారికి వేరు పంక్తి, దళితులకు ప్రవేశమే లేకపోవుట నాటి ఆచారము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణమున అంగళ్ల సరసనే భోజనశాలలను, హోటళ్లను పేర్కొని, కులమతములను బట్టి వానిలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. ఒక మహాదేశపు మూలశాసనమున పూటకూళ్ల ఇంటి ప్రస్తావన రావలసివచ్చెననిన, ఆ పంక్తిలో ఎంతటి అవమానము దాగియుండెనో ఊహింపవచ్చును. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. ఐనను 1957లో మద్రాసు తిరువళ్లిక్కేణిలో ఒక హోటలు పలకపైనుండి బ్రాహ్మణ శబ్దమును తొలగింపుమని పెరియారు అనుచరులు నెలలకొలది ఆందోళన చేయవలసి వచ్చినది.

మరియొక వైపు చూడవలసియున్నది. ఇరానీ బల్ల కులమును అడుగలేదు గాని, అది పురుషుల బల్ల. స్త్రీలు వచ్చినచో మూలనున్న పరదా గదిలోనికే పోవలెను. ఒంటరిగా వచ్చు స్త్రీ అచ్చట ఊహకందనిది. గృహిణి, పిల్లలతో, భర్తతో, పట్టపగలు, నలుగురి నడుమ కూర్చుండి ఫలహారము చేసిన మొదటి చోటు మన నగరములలో ఉడిపి హోటలే. శాకాహారమనియు, శుచియైన వంటయనియు గల నమ్మకము ఆమెను గడప దాటించినది; సినిమా చూచి వచ్చుచు దోసె తినుట ఆమె జీవితమున ఒక కొత్త స్వాతంత్ర్యమైనది. కావున ఇరువురకును మనము ఋణపడియున్నాము: ఒకరు కులపు గోడను, ఒకరు గడపను పలుచన చేసిరి.

దేశవిభజన, పిదప రాష్ట్రావతరణ ఈ బల్లకు మరికొందరిని చేర్చెను. సింధునుండి నిరాశ్రయులై వచ్చినవారిలో ఖాన్‌చంద్ రమ్నానీగారు 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద తెరచిన బేకరీకి కరాచీ పేరు పెట్టిరి. విడిచి వచ్చిన ఊరి పేరు అట్లు హైదరాబాదు బిస్కట్టు డబ్బాలపై నిలిచినది. చీనావారు సికింద్రాబాదున పార్కులేనులోని నాన్‌కింగ్ వంటి చోట్ల తమ వంట రుచి చూపిరి. నేడు బండ్లపై ఎల్ల ఊళ్లను దొరకు మంచూరియా అను వంటకమునకు చీనా దేశమున పోలిక లేదు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అను కలకత్తా చీనావాడు దానిని సృష్టించెనని ప్రతీతి. దానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడి రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు మారినపుడు, కోస్తా రాయలసీమలనుండి వేలమంది ఉద్యోగులు, వారి వెనుకనే విద్యార్థులు, నిరుద్యోగులు వచ్చిరి. వారి కొరకు మెస్సులు పుట్టెను. ఇరుకు గదిలో బల్లలు వేసి, అరటియాకు పరచి, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, ఆవకాయ, వేపుడు, పులుసు, గడ్డపెరుగు మారు వడ్డించు ఈ మెస్సు నాటి పూటకూళ్ల ఇంటికి నిజమైన వారసత్వము. నెలకు డబ్బు కట్టి టిక్కెట్ల పుస్తకము తీసికొని, పూటకొక టిక్కెట్టు చింపియిచ్చి తినిన ఉద్యోగార్థుల తరములు ఎన్నియో కలవు. వండునామెను అక్కా యనియో పిన్నిగారూ యనియో పిలుచుచు, నెలాఖరున డబ్బు రాకున్నను తినుటకు సంకోచపడనివారెందరో వారిలో నుండిరి.

ఇచ్చట నన్ను నొప్పించు విషయమొకటి కలదు. అరబ్బు హరీసునకు, ఇరానీ చాయ్‌కి, కన్నడ దోసెకు, గుంటూరి గోంగూరకు, చీనా నూడుల్సునకు పలక కట్టిన నగరమున, ఆ నగరమును చుట్టియున్న పల్లెల కూడు చిట్టచివరగా హోటలు కెక్కినది. జొన్నరొట్టె, సర్వపిండి, పచ్చిపులుసు, మక్క గారెలు, అంబలి, ఇవి ఇంటిలో తినునవే గాని వెలకు అమ్ముడుపోవునవి కావని ఇంటివారే భావించిరి; పేదవాని తిండియని బయటివారు చిన్నచూపు చూచిరి. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటకు ముందు వెనుకల గాని ఆ పేర్లు పెద్ద అక్షరములతో పలకలపై కనబడలేదు. అతిథులందరు తిని లేచిన పిమ్మట గృహస్థు పంక్తిలో కూర్చున్నట్లు అది జరిగినది.

ఇప్పుడు ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. కూడలిలోని మూల స్థలమునకు నేడు కలిగిన ధర, ఒక చాయ్‌పై రెండు గంటలు కూర్చుండువారి వలన రాదు. పాత భాగస్వాముల వారసులు పరదేశములకు పోయిరి. వీథుల విస్తరణలో కొన్ని ముఖద్వారములు కోల్పోయినవి. పాలరాతి బల్లలు పోయి నిలువబడి త్రాగు అరుగులు వచ్చినవి. నిలువబడి త్రాగువాడు సరసనున్నవాని ముఖము చూడడు. అదే కాలమున, తెలుగు పల్లెలలో కొన్నిచోట్ల టీ దుకాణముల యందు దళితులకు వేరు గ్లాసు పెట్టు దురాచారము రాజ్యాంగము వచ్చిన దశాబ్దముల పిమ్మటను కొనసాగుచున్నదని పరిశీలకులు పలుమారులు వెల్లడించిరి. నగరపు బల్ల సాధించినది పల్లె బంకుకు పూర్తిగా చేరలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

రాజుల కోటలకు, దేవాలయములకు చరిత్రలున్నవి. ఈ హోటళ్లకు లేవు. గల్లాపై వ్రాసిన పద్దు పుస్తకములు, పాత ధరల పలకలు, భాగస్వామ్య పత్రములు, మెస్సుల టిక్కెట్లు తుక్కు క్రింద పోవుచున్నవి. నలుబదియేండ్లు బేరరు పని చేసినవారు తమ జ్ఞాపకములతోనే కన్నుమూయుచున్నారు. విశ్వవిద్యాలయములును, పురపాలక సంఘమును వీనిని సేకరించుట తమ కర్తవ్యముగా ఎంచవలెను. అంతవరకు పాఠకులు ఒక పని చేయగలరు. మీ ఇంటి పెద్దలను, ముఖ్యముగా స్త్రీలను, వారు మొట్టమొదట వెల యిచ్చి తినిన హోటలు ఏది, ఏమి తినిరి, ఎవరి సరసను కూర్చుండిరి, ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పిరా దాచిరా యని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు, ఊరును ఏడును వేసి వ్రాసి యుంచుడు.